మెంటార్ సార్ దగ్గరకు ఎప్పుడు వెళ్ళాలి?

డిగ్రీ కాలేజీల్లో మెంటార్ రిజిస్టర్ అని ఒకటి ఉంటుంది. పొడవాటి అట్ట పుస్తకం. ఒక్కో విద్యార్థికి ఒక పేజీ. పైన ఫొటో, పేరు, హాల్‌టికెట్ నంబరు, ఊరు, తల్లిదండ్రుల వృత్తి, ఇంటి ఫోను నంబరు. కింద గళ్ళు గీసి సెమిస్టర్ల వారీగా మార్కులు, హాజరు శాతం, మిగిలిపోయిన సబ్జెక్టులు. అన్నిటికంటే కింద 'విద్యార్థి సమస్యలు', 'ఇచ్చిన సలహా' అని రెండు గళ్ళు, పక్కన సంతకాలకు చోటు. చాలా పేజీల్లో సమస్యల గడిలో 'ఏమీ లేవు' అనీ, సలహా గడిలో 'బాగా చదవమని చెప్పడమైనది' అనీ ఉంటుంది. ఆ సంతకం పెట్టిన పిల్లకు అప్పటికే రెండు సబ్జెక్టులు పోయి ఉండొచ్చు.

బ్రిటన్‌లో పర్సనల్ ట్యూటర్ అని పిలిచేది ఈ మెంటార్‌నే. పాఠం చెప్పే మాస్టారుగా కాకుండా, మీ చదువు మొత్తం ఎలా సాగుతోందో చూసే మనిషిగా కాలేజీ మీకు అప్పగించిన అధ్యాపకుడన్నమాట. ఇంగ్లిష్, కెమిస్ట్రీ, కామర్స్... ఆయన సబ్జెక్టు ఏదైనా కావచ్చు. ఆయన దగ్గర ట్యూషన్ ఉండదు, ఫీజూ ఉండదు.

ఈ ఏర్పాటు కాలేజీల సొంత బుద్ధితో మొదలైంది కాదు. ర్యాగింగ్ అరికట్టడానికి యూజీసీ 2009లో తెచ్చిన నిబంధనల్లోనే ఇది ఉంది. కొత్తగా చేరినవాళ్ళను చిన్న చిన్న బృందాలుగా చేసి, ఒక్కో బృందాన్ని ఒక అధ్యాపకుడికి అప్పగించాలనీ, ఆయన ప్రతి విద్యార్థితో విడిగా, రోజూ మాట్లాడాలనీ అందులో రాశారు. రోజూ! వారానికొకసారి మాట్లాడినా మన కాలేజీల్లో అది పెద్ద సంగతే. తర్వాత కాలేజీలకు గ్రేడు ఇచ్చే నాక్ బృందాలు వచ్చి, ఎంతమంది విద్యార్థులకు ఒక మెంటార్ ఉన్నారో లెక్క అడగడం మొదలుపెట్టాయి. రిజిస్టర్లు అట్టలు వేసుకున్నది అప్పుడే. ఇంజినీరింగ్ వైపు ఏఐసీటీఈ, మొదటేడాది మూడు వారాల పరిచయ కార్యక్రమంలో ఇరవై మందికి ఒక మెంటార్ ఉండాలని సూచించింది. విశాఖపట్నంలో నీట్ కోచింగ్ తీసుకుంటూ 2023లో మరణించిన ఒక విద్యార్థిని కేసులో సుప్రీంకోర్టు 2025 జులై 25న దేశమంతటికీ వర్తించే పదిహేను మార్గదర్శకాలు ఇచ్చింది. విద్యార్థులను చిన్న బృందాలు చేసి, ముఖ్యంగా పరీక్షల వేళ, చదువు మారే వేళ, ఒక్కో బృందానికి మెంటార్‌నో కౌన్సెలర్‌నో కేటాయించాలన్నది వాటిలో ఒకటి.

అంటే మెంటార్‌ను అడగడం మొహమాటపడాల్సిన పని కాదు. మీకు ఇవ్వవలసినదే ఇచ్చారు. ఇచ్చినదాన్ని వాడుకునే సంగతే ఇక చూడాల్సింది.

నర్సీపట్నం లాంటి చోట దీని అవసరం విశాఖలో కంటే ఎక్కువ. ఇక్కడి కాలేజీలకు వచ్చే పిల్లలు ఒక్క పట్నం పిల్లలే కారు. గొలుగొండ, నాతవరం, రోలుగుంట, మాకవరపాలెం నుంచి వస్తారు. కొయ్యూరు నుంచి, లంబసింగి ఘాట్ మీదుగా చింతపల్లి వైపు నుంచి దిగివస్తారు. ఇంట్లో మొట్టమొదట డిగ్రీ గడప తొక్కినవాళ్ళు చాలామంది. బ్యాక్‌లాగ్ అంటే ఏమిటో, మైనర్ సబ్జెక్టు ఎందుకు ఎంచుకోవాలో అమ్మానాన్నలను అడిగితే చెప్పలేరు. పైగా 2021-22 నుంచి రాష్ట్రంలో డిగ్రీ మొత్తం ఇంగ్లిష్ మీడియం అయింది. ఇంటర్ దాకా తెలుగులో చదివినవాడు మొదటి సెమిస్టర్‌లో పాఠం అర్థం కాకపోతే తన బుర్రే మంచిది కాదనుకుంటాడు. భాష అడ్డం వచ్చిందని అతనికి ఎవరో ఒకరు చెప్పాలి.

దీనికి తోడు, మన దగ్గర పాఠం చెప్పేది కాలేజీ, పరీక్ష పెట్టేది యూనివర్సిటీ. 1926లో పుట్టిన ఆంధ్ర విశ్వకళాపరిషత్తు మొదటినుంచీ కాలేజీలను అనుబంధంగా పెట్టుకుని పరీక్షలు నడిపింది. దాని తొలి వైస్ ఛాన్సలర్ సి.ఆర్. రెడ్డి కేంబ్రిడ్జిలో చదివినవారు. తర్వాత 1931 నుంచి 1936 దాకా ఆ పదవిలో ఉన్న సర్వేపల్లి రాధాకృష్ణన్ ఆక్స్‌ఫర్డ్‌కు ఆచార్యుడిగా వెళ్ళారు. విద్యార్థి వారం వారం ట్యూటర్ ఎదుట కూర్చుని తను రాసింది చదివి వినిపించే ఆనవాయితీ ఆ రెండుచోట్లా ఉంది. అది తెలిసినవాళ్ళే మన యూనివర్సిటీని నడిపినా, వందల కాలేజీలకు ఒకే పరీక్ష పెట్టే ఏర్పాటులో ఆ పద్ధతికి చోటెక్కడిది? విద్యార్థి గోడు కాలేజీకీ యూనివర్సిటీకీ నడుమ పడిపోయింది. మార్కుల మెమోలో పేరు తప్పుపడితే నర్సీపట్నం పిల్లవాడు ఎనభై కిలోమీటర్ల పైచిలుకు ప్రయాణం చేసి విశాఖ వెళ్తాడు. అక్కడి కౌంటర్‌లో 'మీ ప్రిన్సిపాల్ కవరింగ్ లెటర్ ఏదీ?' అంటారు. ఒక రోజు పోయింది, బస్సు ఛార్జీలు పోయాయి. బయల్దేరే ముందు మెంటార్‌ను అడిగి ఉంటే ఆ లెటర్ సంగతి అయిదు నిమిషాల్లో తేలేది.

వ్యవస్థగా మెంటార్ ఏర్పాటు లేని రోజుల్లోనూ అది మనుషుల రూపంలో ఉండేది. తండ్రి పోయాక విజయనగరంలో చదువు సాగించిన గురజాడ అప్పారావుకు అక్కడి మహారాజా కళాశాల ప్రిన్సిపాల్ చంద్రశేఖర శాస్త్రి భోజనం, వసతి చూశారు. 1882లో మెట్రిక్యులేషన్, 1884లో ఎఫ్.ఏ. పూర్తయ్యాయి. అలాంటి గురువు దొరకడం అదృష్టం. అదృష్టం లేనివాడికి కూడా ఒక మనిషి ఉండాలన్నదే ఈ రిజిస్టర్ ఉద్దేశం.

ఇక అసలు విషయం. మెంటార్ దగ్గరకు మన పిల్లలు వెళ్ళేది ఎక్కువగా రెండు సందర్భాల్లో: సంతకం కావాల్సినప్పుడు, లేదా అంతా మునిగిపోయాక. మునిగాక ఆయన చేయగలిగింది చాలా తక్కువ. హాజరు సంగతే తీసుకుందాం, ఈ ప్రాంతంలో ఎక్కువమందిని ముంచేది అదే కనుక.

కొండ దిగి వచ్చే ఒక అమ్మాయి ఉందనుకుందాం. ఆ దారిన వచ్చే బస్సు కాలేజీ గంట కొట్టాకే నర్సీపట్నం చేరుతుంది. మొదటి పీరియడ్ రోజూ పోతుంది. ఒక్క పీరియడే కదా అనుకుంటుంది. సెమిస్టర్‌కు 90 పనిదినాలు, రోజుకు 6 పీరియడ్లు అనుకుంటే మొత్తం 540. పరీక్ష రాయాలంటే ఉండాల్సిన 75 శాతం అంటే 405. రోజూ ఒకటి పోతే ఆమెకు దక్కేవి రోజుకు అయిదే. 81 రోజులు వస్తే సరిగ్గా 405 అవుతాయి. అంటే సెమిస్టర్ మొత్తంలో తొమ్మిది రోజులు సెలవు పెడితే అంచు మీద ఉంటుంది, పదో రోజు పెడితే కిందికి జారుతుంది. ఒక జ్వరం, ఒక పెళ్ళి, ఊళ్ళో ఒక జాతర చాలు. ఇది మొత్తం లెక్క మాత్రమే. మొదటి పీరియడ్‌లో ఎప్పుడూ ఒకే సబ్జెక్టు ఉంటే ఆ సబ్జెక్టు పాఠాలు ఆమె విననే లేదు.

ఈ మాట సెమిస్టర్ చివర, హాల్‌టికెట్లు ఇచ్చేటప్పుడు చెబితే మెంటార్ చేయగలిగింది ఒక్కటే: 75కు కొద్దిగా తగ్గితే వైద్య కారణం చూపించి, ఫీజు కట్టి, హాజరు తగ్గినా పరీక్షకు అనుమతించే కండొనేషన్‌కు పెట్టించడం. ఆమెకు జబ్బేమీ లేదు, బస్సే లేదు. అదే మూడో వారంలో చెప్పిందనుకోండి.

"మేడమ్, ఓ అయిదు నిమిషాలు మాట్లాడొచ్చా?"

"రామ్మా, కూర్చో. ఏటి సంగతి?"

"మా బస్సు వచ్చేసరికి ఫస్ట్ అవర్ అయిపోతంది మేడమ్. రోజూ ఆబ్సెంటే పడతంది."

"నువ్వొక్కదానివేనా, ఆ బస్సుకు ఇంకెవరైనా వస్తారా?"

ఆ రెండో ప్రశ్నలోనే మెంటార్ విలువంతా ఉంది. ఒక్కరైతే అది ఒకరి ఇబ్బంది. ఏడెనిమిది మంది ఉంటే ప్రిన్సిపాల్ చేత ఆర్టీసీ డిపో మేనేజర్‌కు లెటర్ రాయించవచ్చు. నర్సీపట్నంలోనే డిపో ఉంది, విశాఖ దాకా వెళ్ళక్కర్లేదు. అది కుదరకపోతే టైంటేబుల్లో మొదటి పీరియడ్ సబ్జెక్టును రోజూ అదే ఉండకుండా మార్చమని డిపార్ట్‌మెంట్‌ను అడగవచ్చు. హాస్టల్లో సీటుకు దరఖాస్తు పెట్టించవచ్చు. ఇవేవీ జరగకపోయినా, ఆ అమ్మాయికి తన తొమ్మిది రోజుల లెక్క ముందే తెలుస్తుంది. ఈ మూడు పనుల్లో ఏదీ ఆమె సొంతంగా చేయగలిగింది కాదు. లెక్చరర్‌కు మాత్రం ఒక మధ్యాహ్నం పని.

అడిగే తీరు గురించి కూడా చెప్పాలి. వాట్సాప్‌లో 'హాయ్ సార్' అని పెట్టి, జవాబు వచ్చేదాకా ఎదురుచూసేవాళ్ళు బోలెడుమంది. డెబ్బై ఎనభై మంది పిల్లలు, నాలుగు గ్రూపులు ఉన్న మనిషికి అది ఎవరో, ఎందుకో తెలియదు. ఇలా పెట్టండి: 'నమస్తే సార్. నేను బీకాం రెండో ఏడాది, రోల్ నంబరు 34. స్కాలర్‌షిప్ పోర్టల్లో నా బ్యాంకు ఖాతాకు ఆధార్ లింకు కాలేదని చూపిస్తోంది. శుక్రవారంలోపు సరిచేయాలట. రేపు లంచ్ టైంలో స్టాఫ్ రూమ్‌కు రావచ్చా?' ఎవరు, ఏమిటి, ఎప్పటిలోగా, ఎప్పుడు కలవాలి అన్నీ వచ్చేశాయి. దీనికి 'రా' అని ఒక్క అక్షరంతో జవాబు ఇవ్వవచ్చు. రాత్రి పదకొండుకు వాయిస్ మెసేజ్ పంపవద్దని వేరే చెప్పాలా?

వెళ్ళేటప్పుడు మార్కుల మెమో పట్టుకెళ్ళండి. 'సార్, నాకు ఏదీ అర్థం కావడం లేదు' అంటే ఆయన కూడా 'బాగా చదువమ్మా' అనే అంటారు, ఇంకేమంటారు? 'ఇంటర్నల్స్‌లో 18 వచ్చాయి, ఎక్స్‌టర్నల్‌లో 21 వచ్చాయి, సమాధానం తెలిసినా ఇంగ్లిష్‌లో రాయలేకపోయాను' అంటే ఆయనకు చేయడానికి ఏదో ఒకటి దొరుకుతుంది. ఆ సబ్జెక్టు లెక్చరర్‌తో మాట్లాడతారు, పాత ప్రశ్నపత్రాలు ఇప్పిస్తారు, రెండు భాషల్లో ఉన్న పాఠ్యపుస్తకం చూపిస్తారు. సలహా గడి అప్పుడు నిజంగా నిండుతుంది. బయటకు వచ్చే ముందు ఆ గడిలో ఏం రాశారో చదివి సంతకం పెట్టండి. ఖాళీ గడి కింద సంతకం పెట్టడం ఖాళీ చెక్కు ఇచ్చినట్టే.

మెంటార్ నిజంగా చెయ్యి వేయగల మరో చోటు ఫీల్డు పని. 2020-21 నుంచి రాష్ట్రంలో డిగ్రీలో సామాజిక సేవా ప్రాజెక్టు, ఇంటర్న్‌షిప్‌లు తప్పనిసరి చేశారు. సేవా ప్రాజెక్టుకు 180 గంటలు. లాగ్‌బుక్ రాయాలి, చివర నివేదిక ఇవ్వాలి. ఈ లాగ్‌బుక్‌లు జిరాక్స్ షాపుల్లో ఎలా తయారవుతాయో అందరికీ తెలిసిందే. 'గ్రామాభివృద్ధి - ఒక పరిశీలన' అనే నివేదిక ఒక్క పేరు మార్చుకుని ఎన్ని ఊళ్ళు తిరుగుతుందో. గొలుగొండ వైపు నుంచి వచ్చిన కుర్రాడు ఆ పేరుతోనే మెంటార్ దగ్గరకు వచ్చాడనుకుందాం. మంచి మెంటార్ అయితే 'మీ ఊళ్ళో ఏం పండుతాయిరా?' అని అడుగుతారు. జీడిమామిడి. 'పిక్కలు ఎవరికి అమ్ముతారు? అక్కడికక్కడే దళారికా, సంతలోనా? రేటు ఎవరు చెబుతారు? ముందే అప్పు తీసుకుని పిక్కలతో తీర్చే ఇళ్ళు ఎన్ని?' అంతే, గ్రామాభివృద్ధి కాస్తా నలభై ఇళ్ళకు పట్టుకెళ్ళగల అయిదు ప్రశ్నల కాగితం అయింది. రేపు ఎంబీఏ ఇంటర్వ్యూలో 'నువ్వేం చేశావు?' అంటే చెప్పుకోవడానికి అతని చేతిలో ఒక సంగతి ఉంటుంది. దీనికి మెంటార్‌ను కలవాల్సింది ప్రాజెక్టు మొదలుపెట్టే ముందు. నివేదిక బైండింగ్ చేయించాక కలిస్తే సంతకమే మిగులుతుంది.

పై చదువుల సంగతిలో కూడా గడియారం మనం అనుకున్నదానికంటే ముందు నడుస్తుంది. నాలుగేళ్ళ డిగ్రీలో పరిశోధనతో కూడిన ఆనర్స్ చేయాలంటే మొదటి ఆరు సెమిస్టర్లలో 75 శాతం ఉండాలని యూజీసీ 2022లో చెప్పింది. నాలుగేళ్ళ డిగ్రీలో 75 శాతం ఉన్నవాళ్ళు పీజీ లేకుండానే పీహెచ్‌డీ ప్రవేశానికి అర్హులు. ఎస్సీ, ఎస్టీ, ఓబీసీ విద్యార్థులకు అయిదు శాతం సడలింపు ఉంటుంది. ఈ మాట మూడో ఏడాది చివర తెలిస్తే ఏం లాభం? మొదటి రెండు సెమిస్టర్లలో 60 శాతం వచ్చినవాడు 75కు చేరాలంటే మిగతా నాలుగింటిలో సగటున 82.5 తెచ్చుకోవాలి. మొదటేడాది అయిపోగానే కూర్చుని ఈ లెక్క వేస్తే దారి ఉంటుంది. అలాగే ఐఐటీల్లో ఎమ్మెస్సీకి జామ్ అనే పరీక్ష ఉందనీ, హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీకీ, 2019లో విజయనగరంలో పెట్టిన కేంద్రీయ గిరిజన విశ్వవిద్యాలయానికీ సీయూఈటీ రాయాలనీ నర్సీపట్నంలో ఎంతమందికి ఎవరు చెబుతున్నారు? ఏపీ పీజీసెట్, ఐసెట్, ఎడ్‌సెట్ గురించి స్నేహితులు చెబుతారు. మిగతావి చెప్పేది లెక్చరర్లే. అదీ అడిగితేనే.

మెంటార్ వల్ల కానివి కూడా ఉన్నాయి. ఫీజు బకాయి ఉంటే ఆయన జేబులోంచి కట్టమనడం ఇద్దరికీ మంచిది కాదు. రీయింబర్స్‌మెంట్ ఏ దశలో ఆగిందో కనుక్కోమని మాత్రం అడగవచ్చు. ఇంట్లో పెళ్ళి సంబంధాలు చూసి చదువు మాన్పిస్తామంటున్నారంటే, ఇంటికి ఫోను చేసి మాట్లాడమని నిస్సంకోచంగా అడగవచ్చు. అమ్మాయి చెబితే వినని తండ్రి 'కాలేజీ సారు ఫోను చేశారు' అంటే ఆగి వింటాడు. ఇది మన ఊళ్ళలో ఇప్పటికీ పనిచేసే మర్యాద. వాడుకోవడంలో తప్పు లేదు.

మనసు బాగాలేనప్పుడు ఆయనతో చెప్పవచ్చు కానీ ఆయన వైద్యుడు కాడు. నిద్ర పట్టకపోవడం, ఏడుపు ఆగకపోవడం, బతకాలనిపించకపోవడం లాంటివి ఉంటే, రోజులో ఏ వేళైనా టెలీ-మానస్ 14416కు ఫోను చేయవచ్చు, తెలుగులో మాట్లాడతారు. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో మొదలుపెట్టిన ఉచిత సేవ ఇది. సుప్రీంకోర్టు చెప్పినదాని ప్రకారం వంద మంది, అంతకు మించి విద్యార్థులున్న సంస్థలో అర్హత ఉన్న కౌన్సెలర్ ఒకరైనా ఉండాలి. మీ కాలేజీలో ఉన్నారా అని మెంటార్‌ను అడగండి. మీ ప్రాణానికి ప్రమాదం ఉందనిపిస్తే ఆయన మీ మాట గుట్టుగా ఉంచలేరు, ఉంచకూడదు. ఇంటికో ప్రిన్సిపాల్‌కో చెబుతారు. దాన్ని నమ్మకద్రోహం అనుకోవద్దు.

బాధ పెడుతున్నది మెంటారే అయితే? ఆ దారీ ఉంది. లైంగిక వేధింపులకు అంతర్గత కమిటీ, ఇతర ఫిర్యాదులకు 2023 యూజీసీ నిబంధనల కింద విద్యార్థి ఫిర్యాదుల కమిటీ. తోటి విద్యార్థుల ర్యాగింగ్ అయితే 1800-180-5522. మామూలుగా పొసగకపోవడమే అయితే, వేరే మెంటార్‌కు మార్చమని ప్రిన్సిపాల్‌కు రెండు వాక్యాల అర్జీ చాలు. దానికి కారణాల చిట్టా రాయనక్కర్లేదు.

ఇక్కడ నేర్చుకున్న అలవాటు విదేశం వెళ్ళేవాళ్ళకు వడ్డీతో తిరిగి వస్తుంది. నర్సీపట్నం వైపు నుంచి కూడా బ్రిటన్‌కు ఎమ్మెస్సీకి వెళ్ళేవాళ్ళున్నారు. ఏడాది కోర్సు, చేరిన వారంలోనే పర్సనల్ ట్యూటర్ పేరు ఈమెయిల్‌లో వస్తుంది. మనవాళ్ళు దాన్ని చూసి పక్కన పెడతారు. టర్మ్ నడిచే రోజుల్లో వారానికి 20 గంటల వరకు పనిచేసుకోవచ్చు కనుక రాత్రి షిఫ్టులు మొదలవుతాయి, ఉదయం క్లాసు పోతుంది, అసైన్‌మెంట్ గడువు దాటుతుంది. ఫెయిలైన సంగతి ట్యూటర్‌కు చెబితే పరువు పోతుందనుకుంటారు. అక్కడ లెక్క వేరు. జబ్బు చేసినా, ఇంట్లో ఎవరైనా పోయినా, గడువు దాటకముందే కారణం రాసి దరఖాస్తు పెడితే గడువు పొడిగించే పద్ధతి ఉంటుంది. ఆ దరఖాస్తు ఎలా రాయాలో, ఏ కాగితం జత చేయాలో చెప్పేది ట్యూటరే. గడువు దాటాక అదే కారణం చెబితే వినేవాళ్ళు తక్కువ. హాజరు మరీ పడిపోతే యూనివర్సిటీ వీసా శాఖకు తెలపాల్సి వస్తుంది, అప్పుడు ట్యూటర్ కూడా ఆపలేరు. వీసా ప్రశ్నలకు మాత్రం ట్యూటర్ కాదు, అంతర్జాతీయ విద్యార్థుల విభాగం ఉంటుంది.

చివరికి మెంటార్ దగ్గర అందరికీ అవసరపడేది సిఫారసు లేఖ. నాలుగు రోజుల్లో కావాలని వచ్చేవాళ్ళకు 'కష్టపడే స్వభావం, మంచి నడవడిక' అని ఏ విద్యార్థికైనా సరిపోయే లేఖే వస్తుంది. కనీసం మూడు వారాల ముందు వెళ్ళండి. ఏ కోర్సుకు, ఏ యూనివర్సిటీకి, ఎప్పటిలోగా అన్నది ఒక కాగితం మీద రాసి ఇవ్వండి. మార్కుల మెమోలు, మీ సేవా ప్రాజెక్టు నివేదిక జత చేయండి. జీడిపిక్కల సర్వే చేసినవాడి గురించి ఆయన రెండు పేరాలు సొంతంగా రాయగలరు. ముఖమే గుర్తులేని విద్యార్థి గురించి ఆయన మాత్రం ఏం రాస్తారు?